నడక అందరితో, చూపు మీది

ఈజిప్టు గ్రూప్ టూర్ కార్యక్రమం చేతికి రాగానే సగంమందికి గుండె గుభేలుమంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, అయిదింటికి బస్సు, ఏడింటికి ఒక గుడి, పదింటికి ఇంకో గుడి, మధ్యాహ్నం పడవ, సాయంత్రం మళ్ళీ గుడి. నాలుగు రోజులు గడిచేసరికి స్తంభాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. రాజులందరూ రామ్సెస్‌లే అనిపిస్తారు. ఇంటికొచ్చాక ఫోన్ నిండా ఫొటోలుంటాయి, ఏది ఏ ఊళ్ళో తీసిందో చెప్పడం కష్టమవుతుంది. అప్పుడు చాలామంది తప్పంతా గ్రూప్ టూర్ మీదికి తోసేస్తారు. "గుంపులో పోతే చూసేదేముంది, పరుగే కదా" అంటారు.

ఆ మాట నేను ఒప్పుకోను. గుంపు మనల్ని ఆ చోటికి క్షేమంగా చేరుస్తుంది. గైడు చరిత్ర చెబుతారు. టూర్ మేనేజర్ టికెట్లు, గదులు, భోజనం సంగతి చూసుకుంటారు. చూడటం మాత్రం ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిన పని. ఆ పనిని కూడా గుంపుకే అప్పగించినప్పుడే ప్రయాణం పరుగుగా మారుతుంది. దాన్ని మన చేతిలో ఉంచుకునే పద్ధతులే ఈ అధ్యాయంలో చెబుతున్నాను.

గుంపుగా వెళ్ళడం మనకు కొత్త కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట వందమంది దాకా ఉన్నారు. అంతమంది బాగోగులు చూసుకుంటూ పదిహేను నెలలకు పైగా తిరిగి కూడా, మజిలీ మజిలీకీ ఊరెలా ఉంది, ఏం దొరుకుతుంది, మనుషుల తీరేమిటి అన్నది ఆయన రాసిపెట్టుకున్నారు. ఈజిప్టు సంగతికొస్తే, అక్కడికి ఇలా గుంపుల్ని తీసుకెళ్ళడం థామస్ కుక్ 1869లోనే మొదలుపెట్టాడు. సూయజ్ కాలువ తెరిచింది ఆ సంవత్సరమే. ఆ దేశానికి గ్రూప్ టూర్‌ను నడిపే అలవాటు ఒకటిన్నర శతాబ్దంగా ఉంది. మనం నేర్చుకోవాల్సింది అందులో మన పాత్రే.

బయల్దేరే ముందు

డబ్బు కట్టేముందు కార్యక్రమాన్ని ధర కోసం కాకుండా మాటల కోసం చదవండి. "సందర్శన" అని ఉన్నచోట లోపలికి తీసుకెళ్తారా, బయట నిలబెట్టి ఫొటో తీసుకోమంటారా అని అడగండి. కైరోలో "మ్యూజియం" అని ఉంటే ఏ మ్యూజియమో తప్పకుండా అడగాలి. తహ్రీర్ చౌక్‌లో 1902లో తెరిచిన పాత ఈజిప్షియన్ మ్యూజియం ఒకటి. 2025 నవంబరులో అధికారికంగా ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం రెండోది, ఇది గిజా పిరమిడ్లకు దగ్గర్లో ఉంది. టూటంఖామున్ రాజు సమాధిలో దొరికిన 5,000కు పైగా వస్తువులు, ఆ బంగారు ముసుగుతో సహా, ఇప్పుడు ఈ కొత్త మ్యూజియంలోనే ఉన్నాయి. రాజుల మమ్మీలు ఈ రెండింటిలోనూ ఉండవు. 2021 ఏప్రిల్‌లో 22 మమ్మీలను ఊరేగింపుగా మూడో చోటికి, నాగరికతా జాతీయ మ్యూజియానికి తరలించారు. మీకు ఏది చూడాలనుందో అది కార్యక్రమంలో ఉందో లేదో ఇక్కడే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్ళాక గొడవపడి లాభం లేదు.

అబూ సింబెల్ గుడి చాలా టూర్లలో ఆప్షనల్‌గా ఉంటుంది, అంటే అదనపు ఖర్చు. టిప్పులు, వీసా ఫీజు, సమాధుల ప్రత్యేక టికెట్లు ఎవరి ఖాతాలో పడతాయో రాతపూర్వకంగా తీసుకోండి. పపైరస్ దుకాణం, అత్తరు దుకాణం, రాతి బొమ్మల కార్ఖానా ఎన్నిసార్లు వస్తాయో కూడా అడగండి. వాటికి పోయే గంటలు గుళ్ళకు ఇవ్వాల్సిన గంటల్లోంచే పోతాయి. ఇక నెలల మాట. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. వేసవిలో లక్సర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పిల్లల సెలవులని మే నెలలో పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి.

చరిత్ర మొత్తం చదవనక్కర్లేదు. మూడు కాలాలు గుర్తుంటే చాలు. పిరమిడ్లు పాత రాజ్యం నాటివి. సక్కారాలో జోసర్ రాజు కోసం ఇమ్హోటెప్ కట్టిన మెట్ల పిరమిడ్ క్రీ.పూ. 2650 ప్రాంతంది, గిజాలోని ఖుఫు పిరమిడ్ దాని తర్వాత సుమారు వందేళ్ళకు వచ్చింది. లక్సర్‌లో చూసే కర్నాక్, రాజుల లోయ, హత్‌షెప్సుత్ ఆలయం చాలావరకు కొత్త రాజ్యానివి, అంటే క్రీ.పూ. 1550 నుంచి 1070 దాకా. నైలు ఒడ్డున పడవ ఆగే ఎడ్ఫు, కోమ్ ఓంబో గుళ్ళూ, అస్వాన్ దగ్గరి ఫిలే గుడీ ఇంకా తర్వాతివి. అలెగ్జాండర్ తరవాత గద్దెనెక్కిన టాలమీ వంశం వాళ్ళు కట్టించారు. ఆ వంశంలో చివరి రాణి క్లియోపాత్రా క్రీ.పూ. 30లో చనిపోయింది. మన వైపు చూస్తే అది శాతవాహనుల కాలం. ఖుఫుకీ క్లియోపాత్రాకీ మధ్య ఉన్న కాలం, ఆమెకీ మనకీ మధ్య ఉన్న కాలం కంటే ఎక్కువ. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనే మాట మీ నోట రాదు.

మరో చిన్న పని. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి నిజాం కాలంలో వచ్చిన మమ్మీ ఒకటి ఉంది. టూర్‌కు ముందు ఇంటిల్లిపాదీ వెళ్ళి చూసి రండి. పిల్లలకు అక్కడే ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు పట్టుకుని కైరోలో దిగే పిల్లలకు గైడు చెప్పేది వేరుగా వినిపిస్తుంది.

మీదంటూ ఒక ప్రశ్న

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది. ప్రయాణమంతా వెంట ఉండే ప్రశ్న ఒకటి మీ జీవితంలోంచే ఎంచుకోండి.

మీది వ్యవసాయ కుటుంబమైతే నీటిని పట్టుకోండి. అస్వాన్‌లోని ఎలిఫెంటైన్ దీవి మీదా, కోమ్ ఓంబో గుడిలోనూ నైలు నీటిమట్టం కొలిచే కట్టడాలున్నాయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో చూసి ఆ ఏటి పంటను అంచనా వేసేవారు, పన్ను దాన్నిబట్టి ఉండేది. 1970లో నైలు మీద అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ఆ వరద రాదు, అది తెచ్చే ఒండ్రు రాదు, రైతు ఎరువులు కొనాల్సి వస్తోంది. పడవ మీంచి ఒడ్డున చెరుకు తోటలు, అరటి తోటలు కనిపించినప్పుడు ఈ ప్రశ్న మీతో ఉంటే అవి ఉత్త దృశ్యాలుగా దాటిపోవు.

ఉద్యోగ సంఘాల్లో పనిచేసినవాళ్ళయితే దేర్ ఎల్ మదీనా ఎప్పుడు తీసుకెళ్తారని అడగండి. రాజుల సమాధులు తొలిచి, వాటికి రంగులేసిన పనివాళ్ళ ఊరు అది. మూడో రామ్సెస్ పాలనలో, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, జీతంగా రావాల్సిన ధాన్యం ఆలస్యమైందని వాళ్ళు పనిముట్లు కింద పడేసి వెళ్ళి గుళ్ళ దగ్గర కూర్చున్నారు. చరిత్రలో రాతపూర్వకంగా మనకు తెలిసిన మొదటి సమ్మె అదే. ఆ వివరాలు రాసిన పపైరస్ ఇటలీలోని ట్యురిన్ మ్యూజియంలో ఉంది. ఊరి పునాదులు మాత్రం అక్కడే ఉన్నాయి. చిన్న చిన్న ఇళ్ళ గోడల మధ్య నిలబడొచ్చు. చాలా గ్రూపులు సమయం లేదని దీన్ని వదిలేస్తాయి. అడిగితే కొన్నిసార్లు కలుపుతారు.

నేతవాళ్ళ ఇంటివాళ్ళు బట్టను చూడండి. మమ్మీలకు చుట్టినది అవిసె నార బట్ట. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే గ్రంథంలో మన తూర్పు తీరంలోని మసాలియా అనే ప్రాంతం, అక్కడ విరివిగా నేసే సన్నబట్టల ప్రస్తావన ఉంది. అది మచిలీపట్నం వైపేనని చరిత్రకారులు చెబుతారు. టీచర్లు లిపి వెంట పడొచ్చు. వంట ఇష్టమున్నవాళ్ళు రొట్టె, ఉల్లిపాయ, పప్పుల వెంట పడొచ్చు. ఏ ప్రశ్నయినా ఫరవాలేదు, అది మీదైతే చాలు.

గైడు చెప్పేటప్పుడు

ఈజిప్టులో గైడ్లు ఊరికే దారి చూపేవాళ్ళు కారు. ఆ చరిత్ర చదువుకుని, ప్రభుత్వ లైసెన్సు తీసుకున్నవాళ్ళు. వాళ్ళు మాట్లాడే మొదటి పది నిమిషాలు ముందు వరసలో నిలబడండి. వెనక నిలబడితే ఫోన్ మీదికి చెయ్యి పోతుంది. రాజుల లోయలో సమాధుల లోపల గైడ్లు వివరించడానికి అనుమతి లేదు. బయట బొమ్మలు చూపిస్తూ అంతా చెప్పేసి మిమ్మల్ని లోపలికి పంపుతారు. ఆ బయట చెప్పేది వినకపోతే లోపల రంగులు తప్ప ఏమీ అర్థం కాదు.

రాజుల లోయ మామూలు టికెట్‌తో మూడు సమాధులు చూడొచ్చు. టూటంఖామున్, మొదటి సేతి, ఆరో రామ్సెస్ లాంటివాళ్ళ సమాధులకు విడిగా కొనాలి. అందరూ టూటంఖామున్ వైపే పోతారు. హోవార్డ్ కార్టర్ 1922లో తవ్వి తీసిన ఆ గది చాలా చిన్నది. రాజు మమ్మీ అక్కడే ఉన్నా, సొమ్మంతా కైరోలో ఉంది. ఒక్కటే అదనపు టికెట్ కొనగలిగితే ఆరో రామ్సెస్ సమాధి చూడమంటాను. దాని పైకప్పు నిండా ఆకాశదేవత నూత్ శరీరం పరుచుకుని ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి, రాత్రంతా ఒంట్లో మోసి, తెల్లవారుతూ మళ్ళీ కంటుంది. ఒకచోట నిలబడి తల పైకెత్తి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. ఈ సమాధి తొలిచిన కాలంలో పనివాళ్ళు వేసుకున్న గుడిసెల కిందే టూటంఖామున్ సమాధి ద్వారం కప్పబడిపోయింది. అందుకే అది తర్వాతి దొంగల కంటబడకుండా మిగిలింది.

గోడ చదవడానికి నాలుగు గుర్తులు నేర్చుకుంటే చాలు. అండాకారపు గీతలో ఉన్నది రాజు పేరు. పొడవాటి తెల్ల కిరీటం దక్షిణానిది, ఎర్రది ఉత్తరానిది. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి "ఎగువ ఈజిప్టు" అంటే మ్యాపులో కిందున్నది. డేగ తల హోరస్‌ది, నక్క తల అనూబిస్‌ది. గైడు ఫ్రీ టైమ్ ఇచ్చినప్పుడు గుడంతా తిరగాలని చూడకండి. ఒక్క గోడ ఎంచుకుని, ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరి ముఖం చెక్కేశారు అని చూడండి. కర్నాక్‌లో 134 స్తంభాల మండపం ఉంది. అందులో అందరూ మధ్యలో నిలబడి ఫొటో దిగుతారు. మీరు పైన, ఎండా గాలీ తగలని చోట్ల మిగిలిన రంగు వెతకండి. ఆ రాళ్ళన్నీ ఒకప్పుడు రంగులతో ఉండేవని అప్పుడు తెలుస్తుంది. హత్‌షెప్సుత్ ఆలయంలో ఆమె బొమ్మల్ని ఆమె తర్వాత రాజైన మూడో థుత్‌మోస్ కాలంలో చెక్కేయించారు. ఫిలేలో దేవతల ముఖాలు పోయి, గోడల మీద క్రైస్తవుల శిలువలు కనిపిస్తాయి. క్రీ.శ. 394లో చెక్కిన, ఇప్పటిదాకా దొరికినవాటిలో చివరిదైన హైరోగ్లిఫ్ శాసనం కూడా అక్కడే ఉంది. ఒక గోడ దగ్గర పావుగంట నిలబడితే ఇలాంటివి కంటికి ఆనతాయి.

తోటివాళ్ళు

మంచి గ్రూపు సభ్యుడు కావడం కూడా ఒక నైపుణ్యమే. మొదటిది టైము. ఒకరు పది నిమిషాలు ఆలస్యమైతే ముప్ఫైమంది ఎండలో నిలబడాలి, ఆ పది నిమిషాలు ఆ రోజు చివరి గుడిలోంచి కోత పడతాయి. బస్సులో ముందు సీట్లు రోజుకొకరికి మారాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ మాట వర్తించదు.

పెద్దవాళ్ళ విషయంలో మనవాళ్ళు ఒక పొరపాటు ప్రేమతోనే చేస్తారు. "ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అత్తయ్యా" అంటూ పిరమిడ్ లోపలికి కూడా లాక్కుపోతారు. ఖుఫు పిరమిడ్ లోపల దారి ఇరుకు, నిటారు, చాలాదూరం వంగి ఎక్కాలి, గాలి ఆడదు. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వెళ్ళకూడదు. బయట నీడలో కూర్చుని 138 మీటర్ల ఎత్తు రాతి కట్టడాన్ని అరగంట తీరిగ్గా చూసిన మనిషి తక్కువేమీ చూసినట్టు కాదు. ఆమెతో ఒకరు కూర్చోవాలి, అంతే.

తిండికి భయపడక్కర్లేదు. అన్నం, పప్పు, మెకరోనీ, శనగల మీద టమోటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు వేసి ఇచ్చే కోషరీ పూర్తి శాకాహారం. ఫూల్ అనే చిక్కుడుగింజల కూర, ఆ గింజలతోనే వేసే తామియా వడలు పొద్దున్నే దొరుకుతాయి. ఆవకాయ సీసా తీసుకెళ్ళండి, కానీ రోజుకొక పూటయినా అక్కడి భోజనం తినండి. చిన్న నోట్లు విడిగా జేబులో పెట్టుకోండి, బక్షీష్ అడగని చోటు ఉండదు. ఒంటె ఎక్కేముందే దిగేదాకా ఎంతో మాట్లాడుకోవాలి. వద్దనుకుంటే "లా, షుక్రన్" అని మర్యాదగా చెప్పి నడవండి. ఆ అమ్మేవాళ్ళకు మనమే బతుకుతెరువు. వాళ్ళను కసరడం మనకు తగదు.

గుంపు వల్ల కలిగే అసలు లాభాన్ని చాలామంది వాడుకోరు. ముప్ఫైమంది ఉంటే ముప్ఫై జతల కళ్ళు ఉన్నట్టు. రాత్రి భోజనాలయ్యాక పడవ డెక్ మీద అందరూ కూర్చుని, ఆ రోజు చూసినవాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్కరు చెప్పాలి. రిటైరైన ఇంజనీరు అంత రాయిని ఎలా లేపారో ఆలోచించి ఉంటాడు, నర్సు కోమ్ ఓంబో గోడ మీద వైద్యుల పనిముట్లలా కనిపించే బొమ్మల దగ్గర ఆగి ఉంటుంది, పదేళ్ళ పిల్ల మొసలి మమ్మీల్ని లెక్కపెట్టి ఉంటుంది. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు ఈ సభ దొరకదు. ఆ తర్వాత గదికి వెళ్ళి నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాసుకోండి: ఎక్కడ, ఏ కాలం, ఏం చూశాను.

అస్వాన్‌లో అడగాల్సిన ప్రశ్న

అస్వాన్ నుంచి అబూ సింబెల్ సుమారు 280 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరి ఎడారిలో మూడు గంటలకు పైగా వెళ్ళాలి. ఆప్షనల్ అని ఉన్నా దీన్ని మానుకోకండి. రెండో రామ్సెస్ కొండను తొలిపించి చేయించిన గుడి ముందు సుమారు 20 మీటర్ల ఎత్తు విగ్రహాలు నాలుగున్నాయి. పక్కనే రాణి నెఫెర్తారి గుడి. దాని ముందు రాణి విగ్రహం రాజు విగ్రహమంత ఎత్తుంటుంది, ఈజిప్టులో అది అరుదు. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పొద్దుటి ఎండ పెద్ద గుడి గర్భాలయం దాకా వెళ్ళి లోపలి విగ్రహాల మీద పడుతుంది.

ఈ గుడి ఇప్పుడున్న చోట పుట్టలేదు. హై డ్యామ్ నీళ్ళలో మునిగిపోతుందని 1964 నుంచి 1968 దాకా దాన్ని వెయ్యికి పైగా రాళ్ళుగా కోసి, 65 మీటర్లు పైకి, సుమారు 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ కూర్చారు. 1960లో యునెస్కో ఇచ్చిన పిలుపుకు దాదాపు 50 దేశాలు స్పందించాయి. 1961-62లో బి.బి. లాల్ నాయకత్వంలో మన పురావస్తు శాఖ బృందం ఆ ముంపు ప్రాంతమైన నూబియాలో తవ్వకాలు జరిపింది. ఫిలే గుడిని కూడా 1970ల్లో విప్పి పక్క దీవి మీద మళ్ళీ కట్టారు. అక్కడికి పడవలో వెళ్ళేటప్పుడు ఈ సంగతి గైడు తప్పక చెబుతారు.

గైడు అన్నిసార్లూ తనంతట తాను చెప్పనిది మరొకటి ఉంది. దాన్ని మీరే అడగాలి. గుళ్ళను జరిపారు సరే, అక్కడి మనుషులేమయ్యారు? ఈజిప్టు నూబియాలో సుమారు 50,000 మంది ఊళ్ళు వదిలి వెళ్ళారు, చాలామందిని కోమ్ ఓంబో దగ్గర కొత్త ఊళ్ళలో పెట్టారు. ఖర్జూరపు చెట్లు, సమాధులు, ఏటి ఒడ్డు ఇళ్ళు నీళ్ళ కిందికి పోయాయి. టూర్‌లో నూబియన్ గ్రామం అని ఒకటి చూపిస్తారు, రంగుల గోడలు, టీ, మొసలి పిల్ల ఉంటాయి. ఆ ఇంటి పెద్దను గైడు సాయంతో వాళ్ళ తాతల ఊరు ఎక్కడని అడగండి. జవాబు వినడానికి కూర్చోండి.

ఈ ప్రశ్న అడగడానికి తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన హక్కుంది. అస్వాన్ కథ నడిచిన ఏళ్ళలోనే మన కృష్ణ మీదా ఇదే జరిగింది. నాగార్జునసాగర్‌లో మునిగిపోబోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ తరలించి మళ్ళీ నిలిపారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. తర్వాత శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి చేరింది. రెండు చోట్లా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అబూ సింబెల్ రాళ్ళ మధ్య అతుకు గీతలు వెతికే మనకు ఆ గీతల వెనక ఏముందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

లక్షలు ఖర్చుపెట్టి అబూ సింబెల్ చూసినవాళ్ళు నాగార్జునకొండ చూడకుండా ఉండటం నాకు బాధగా ఉంటుంది. ఈజిప్టు నుంచి వచ్చిన నెలలోపే మీ గ్రూపులో వాళ్ళకు ఫోన్ చేయండి. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే దీవికి చేరొచ్చు. మ్యూజియం దీవి మీదే ఉంది. బయల్దేరేముందు లాంచీ వేళలు కనుక్కుని, నోట్‌బుక్ వెంట తీసుకెళ్ళండి.